ఎస్తేరు చిన్నక్షరాలు

ఎడ్వర్డ్‌కు బీరువాలో ఏదీ కనిపించదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ కనిపించలేదు. పొద్దున ఆరున్నరకు తువ్వాలు కట్టుకుని, బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, నడుం మీద చేయి వేసుకుని నిలబడి "ఎస్తేరూ, నా తెల్లంగి లేదు" అంటాడు. ఎక్కడుందని అడగడు. లేదని తీర్పు చెప్తాడు. ఎస్తేరు పొయ్యి మీద పెనం దించి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, సరిగ్గా అతని ముక్కుకు ఎదురుగా ఉన్న అరలోంచి తెల్లంగి తీసి చేతిలో పెడుతుంది. అప్పుడైనా అయ్యో అంటాడా అంటే, అనడు. "కాలర్ లోపలికి మడత వెడ్తే నాకేం దెలుస్తది? నేను కాలర్ పైకుంటదనుకున్న" అంటాడు. అంటే అంగి ఉంటే సరిపోదన్నమాట. అతను మనసులో అనుకున్న మడతలో ఉండాలి. లేకపోతే అది లోకంలోనే లేనట్టు.

మొదట్లో ఎస్తేరుకు కోపం వచ్చేది. తర్వాత నవ్వు రావడం మొదలైంది. నవ్వే మనిషి కనుకనే ఆ ఇంట్లో నెగ్గుకొచ్చింది. మేడ్చల్ బస్ డిపో వెనక రెండు గదుల ఇల్లు, అత్తమ్మ, యూకేజీ చదివే కూతురు రోజీ, సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకునే ఎడ్వర్డ్. నాలుగున్నరకు లేచి నీళ్ళు పట్టడం దగ్గర మొదలుపెడితే, ఎనిమిదింటికి కంపెనీ బండి ఎక్కేసరికి ఆమె ఒక పూట ఉద్యోగం చేసేసినట్టే. బండి శామీర్‌పేట చెరువు దాటేదాకా కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి అబ్బా అంటే అత్తమ్మ వింతగా చూసేది. "కూసోని జేసే పనికి అలుపేంది బిడ్డా, కుర్చీ మోస్తాంది గద నిన్ను" అనేది. ఎడ్వర్డ్ అయితే ఎవరైనా అడిగితే, "ఏం లేదు, టైపు కొట్టుడు" అని చెప్పేవాడు.

టైపు కొట్టుడే. తుర్కపల్లిలో పశువుల టీకాలు చేసే ఒక కంపెనీ ల్యాబు. చుట్టుపక్కల జిల్లాల పశువుల డాక్టర్లు జబ్బుపడ్డ జీవాల నెత్తురూ పేడా సీసాల్లో పెట్టి పంపుతారు. ఒక్కో సీసాకు ఒక చీటీ. ఆ చీటీ మీద జీవం ఎవరిది, ఏ ఊరు, ఏం జబ్బు అనుమానం, పరీక్షలో ఏం తేలింది, ఇవన్నీ ఉంటాయి. చీటీలను కంప్యూటర్లో ఎక్కించడానికి ఇద్దరు మనుషులు, ఎస్తేరు, శేఖర్. వాళ్ళ పైన ధర్మేందర్ సార్. ఒక్కొక్కరికి రోజుకు నలభై యాభై చీటీలు, ఎనిమిది నెలలు. ఎస్తేరుకు చీటీలు చీటీల్లా కనిపించేవి కావు. ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళ బర్రె పాలివ్వడం మానేసిందట అని మనసులో అనుకుంటూ కొట్టేది. మనసులోనే ఆ బర్రె మీద చేయి వేసి నిమిరేది.

ఆమెకు ఇచ్చిన కీబోర్డు సంగతి చెప్పాలి. చేరిన మూడో రోజునే ధర్మేందర్ సార్ ఏదో చూపించబోయి దాని మీద చాయ్ ఒలికించాడు. మిగతా మీటలన్నీ తేరుకున్నాయి గానీ, పెద్దక్షరాలు పడేలా చేసే మీటలు మాత్రం బిగుసుకుపోయాయి. ఎంత నొక్కినా చిన్నక్షరాలే. ఎస్తేరు మూడుసార్లు కొత్తది అడిగింది. మూడుసార్లూ సార్ ఒకటే మాట అన్నాడు. "జర అడ్జస్ట్ గండ్రి మేడం, అక్షరాలైతే పడుతున్నయి గద." అదే ఏడాది మేడ్చల్ చర్చిలో ఎడ్వర్డ్ వాయించే కీబోర్డులో ఒక్క నల్ల మీట పలకకపోతే కమిటీ కూర్చుంది. వారం తిరక్కుండా సికింద్రాబాద్ నుంచి కొత్త కీబోర్డు వచ్చింది. ఆ ఆదివారం పాస్టరయ్య దాని కోసం ప్రత్యేక ప్రార్థన కూడా చేశాడు. తన కీబోర్డు కోసం కూడా ఎవరైనా ప్రార్థన చేస్తే బాగుండునని ఎస్తేరు అనుకుంది, కళ్ళు మూసుకునే.

శేఖర్ కీబోర్డుకు ఏ రోగమూ లేదు. కానీ చీటీ కింద "పెద్దక్షరాలలో నింపవలెను" అని అచ్చువేసి ఉందని అతను పెద్దక్షరాల మీట ఒకసారి నొక్కి పెట్టి, పొద్దస్తమానం అన్నీ పెద్దవే కొట్టేవాడు. దీని వల్ల ఎవరికీ నష్టం రాలేదు. అప్పటి సాఫ్ట్‌వేర్ మంచిది, పేరు ఎలా కొట్టి వెతికినా తెచ్చి ముందు పెట్టేది. మన తెలుగుకు ఈ గొడవే లేదు. మనకు క అంటే క, అది వాక్యం మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా అంతే ఎత్తు. ఇంగ్లీషులోనే ఒక్కో అక్షరానికి రెండు వేషాలు. 2003 అక్టోబరులో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, పట్నం నుంచి వచ్చిన కాంట్రాక్టరు మనుషులు కొత్త డేటాబేస్ పెట్టారు. రికార్డులన్నీ అందులోకి ఎక్కించి, సంతకాలు తీసుకుని వెళ్ళిపోయారు. కొత్తది చాలా గట్టిదని ధర్మేందర్ సార్ మురిసిపోయాడు.

ఆ నెలాఖరులో బౌరంపేట్ నుంచి కుర్మయ్య వచ్చాడు. అరవై దాటిన గొర్లకాపరి, భుజాన గొంగడి. గండిమైసమ్మ దగ్గర ఒక బస్సు, మేడ్చల్‌లో ఒక బస్సు మారి వచ్చాడు. వేసవి నుంచి మందలో గొర్రె పిల్లలు ఉన్నట్టుండి పడి చచ్చిపోతున్నాయి. డాక్టరు నెత్తురు పంపించాడు. ఏం రోగమో ఈ ల్యాబు వాళ్ళు చెప్తేనే డాక్టరు టీకా వేస్తాడు. చీటీ నంబరున్న కాగితం వానకు తడిసి ముద్దయిపోయింది, కాబట్టి పేరుతోనే వెతకాలి. శేఖర్ వెతికాడు. రికార్డు లేదని వచ్చింది. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ లేదు. గుమ్మం దగ్గర నిలబడి అతను ఎస్తేరు వైపు చూశాడు.

"నా పేరు మీ డబ్బాల లేదంటున్రు" అన్నాడు. "నేనైతే ఉన్న గద బిడ్డా."

ఆ చీటీ ఎస్తేరు కొట్టిందే. బౌరంపేట్, గొర్రె పిల్ల, నాలుగు నెలలది. కొట్టేటప్పుడు ఆ పిల్లకు తెల్ల చెవులు ఉంటాయని ఎందుకో ఊహించుకుంది కూడా. ఆ మాట చెప్తే శేఖర్ నవ్వాడు. ధర్మేందర్ సార్ నవ్వలేదు. నెలవారీ రిపోర్టు తీసి చూశాడు. ఎవరు ఎన్ని చీటీలు ఎక్కించారో పేరువారీగా వచ్చే కాగితం అది. శేఖర్ పేరు ఎదురుగా ఎనిమిది వేల చిల్లర. ఎస్తేరు పేరు ఎదురుగా సున్నా.

"ఎనిమిది నెలలు ఏం జేసిన్రు మేడం?" అని అడిగాడు.

అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. ఎస్తేరు ఆ సున్నా వైపే చూస్తూ నిలబడింది. గుండ్రంగా, అందంగా ఉంది. ఎందుకో అత్తమ్మ మాట గుర్తుకొచ్చింది. ఒక పండగనాడు పదిహేను మందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమి వచ్చి కూర్చుంటే, వచ్చిన చుట్టం ఎవరో కోడలు ఏం చేస్తుందని అడిగారు. అత్తమ్మ ఆలోచించి, "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అంది. అప్పుడూ ఇంతే. చేసిన పని అక్కడే, కళ్ళ ముందే, తోమిన గిన్నెల్లో మెరుస్తూనే ఉంది. లెక్క అడిగితే మాత్రం సున్నా. అందుకే కదా ఇంట్లోంచి బయటపడి ఉద్యోగంలో చేరింది, ఇక్కడైతే చేసింది చేసినట్టు నమోదవుతుందని. నమోదు చేసే ఉద్యోగంలోనే నమోదు కాకుండా పోతే ఇక ఎక్కడికి పోవాలి?

సార్ హుకుం సాయంత్రానికి వచ్చింది. గోదాములో ఉన్న ఆమె వంతు చీటీల మూటలు విప్పి, తొమ్మిది వేల చీటీలూ ఎస్తేరు మళ్ళీ కొట్టాలి. మామూలు రోజుల్లో మామూలు పని ఉంటుంది కాబట్టి ఆదివారాలు వచ్చి కొట్టాలి. తప్పు ఆమెది కాబట్టి జీతం అడగకూడదు. ఎస్తేరు బండిలో వేళ్ళు మడిచి లెక్క వేసింది. ఆదివారానికి నాలుగు వందలు కొట్టినా ఇరవై మూడు ఆదివారాలు. క్రిస్మస్ పోయి, కొత్త సంవత్సరం పోయి, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం దాకా.

ఆమెకు ఆదివారమంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. వారంలో ఆరు రోజులూ ఆమె గొంతు "ఉప్పు సరిపోయిందా", "రోజీ, సాక్సులు" అనడానికే పనికొచ్చేది. ఆదివారం పొద్దున చర్చిలో చాపల మీద ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుని నోరు తెరిస్తే మాత్రం, ఎక్కడి నుంచి వస్తుందో, ఆ పాత రేకుల కప్పు దాకా వెళ్ళే గొంతు వచ్చేది. పాడుతున్నంతసేపు ఆమె ఎవరి కోడలూ కాదు. ఈ క్రిస్మస్‌కు మొదటిసారి ఒక పాట మొదటి చరణం ఆమె ఒక్కతే పాడాలని పాస్టరయ్య చెప్పాడు. ప్రాక్టీసులన్నీ ఆదివారం మధ్యాహ్నాలే.

ఇంట్లో చెప్తే అత్తమ్మకు ఒకటే బెంగ పట్టుకుంది, ఆదివారం కూర ఎవరు వండాలని. ఎడ్వర్డ్ కాసేపు ఆలోచించి, "పోనీ, నీ చరణం మన రోజీ వాళ్ళ టీచర్ తోని పాడిద్దాం" అన్నాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, పాపం. ఆ రోజు ఎస్తేరు గిన్నెలు కొంచెం చప్పుడుగా తోమింది.

బుధవారం మధ్యాహ్నం తిండి మానేసి, ముందుగానే కొన్ని కొట్టేస్తే ఆదివారం ఓ గంట మిగులుతుందని మొదటి మూట విప్పింది. మొదటి చీటీ నంబరు కొట్టింది, పేరు, ఊరు కొట్టింది, సేవ్ చేసింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఈ నంబరు ఇదివరకే ఉందని చెప్పింది. రెండో చీటీ అంతే. మూడోది అంతే. ఎస్తేరు చేతులు ఆగిపోయాయి. లేదన్నది ఈ కంప్యూటరే, ఉందంటున్నదీ ఇదే. మెల్లగా వెతికే తెరకు వెళ్ళి, పేరు కొట్టే గడి ఖాళీగా వదిలి, నంబరు ఒక్కటే కొట్టింది. టక్కున వచ్చింది. పేరు, ఊరు, బర్రె, పొదుగు వాపు. అంతా తను కొట్టినట్టే ఉంది, అన్నీ చిన్నక్షరాల్లో.

అంకెలకు పెద్దా చిన్నా లేదు, అందుకని దొరికింది. పేర్లకు ఉంది. శేఖర్ వెతికేటప్పుడు కూడా పెద్దక్షరాలే కొడతాడు, ప్రతి చీటీ చివర ఎక్కించినవారి పేరు దగ్గర ఆమె కొట్టిన తన పేరూ చిన్నక్షరాల్లోనే ఉంది, ధర్మేందర్ సార్ రిపోర్టులో దాన్ని పెద్దక్షరాల్లో అడిగాడు. కొత్త డేటాబేస్ ఇంగ్లీషు పెద్ద 'కే'నూ, చిన్న 'కే'నూ వేరువేరు మనుషులనుకుంటోంది. అంగి ఉంది, కాలర్ లోపలికి మడత పెట్టి ఉంది, అంతే. ఎస్తేరుకు అక్కడే, ఒక్కతే, నవ్వొచ్చింది. తన తొమ్మిది వేల బర్రెలూ గొర్రెలూ బతికే ఉన్నాయి. అటు వెళ్తున్న శేఖర్ అనుమానంగా చూశాడు.

ధర్మేందర్ సార్‌కు చూపించింది. ఆయన చాలాసేపు తెర వైపు చూసి, ఒప్పుకున్నాడు. పని చేసినట్టు ఒప్పుకున్నాడు గానీ, హుకుం వెనక్కి తీసుకోలేదు. రెండు రకాలుగా ప్రతిసారీ రెండుసార్లు వెతకమంటే ఎవడు వెతుకుతాడన్నాడు. పోనీ రికార్డులన్నీ ఒక్క దెబ్బకు పెద్దక్షరాల్లోకి మార్చేద్దామా అంటే, ల్యాబు రికార్డును అలా మార్చడానికి రూలు ఒప్పుకోదు, ప్రతి దిద్దుబాటుకూ ఒక కాగితం, ఒక సంతకం కావాలన్నాడు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. కాబట్టి కొట్టింది ఆమె, దిద్దాల్సిందీ ఆమే. తొమ్మిది వేల చీటీలు, తొమ్మిది వేల సంతకాలు, అవే ఆదివారాలు. కీబోర్డు మూడుసార్లు అడిగానని ఎస్తేరు గుర్తు చేసింది.

"అడ్జస్ట్ గమ్మన్న" అన్నాడు సార్. "చిన్నక్షరాలల్ల కొట్టుమన్ననా?"

ఎస్తేరుకు ఇల్లు గుర్తొచ్చింది. సర్దుకుపొమ్మనేదీ వాళ్ళే, సర్దుకున్న తీరు బాగాలేదనేదీ వాళ్ళే. ఆ సాయంత్రం రోజీ హోంవర్కు చేయిస్తూ కూర్చుంది. పుస్తకంలో ఎడమ వైపు పెద్దక్షరాలు, కుడి వైపు చిన్నక్షరాలు చిందరవందరగా ఉన్నాయి, గీత గీసి జత కలపాలి. రోజీ నాలుక బయటపెట్టి గీతలు గీసేసింది, ఒక్కటీ తప్పు పోలేదు. ఐదేళ్ళ పిల్లకు తెలిసింది ఆ గట్టి డేటాబేస్‌కు తెలియదా అని ఎస్తేరుకు అనుమానం వచ్చింది. తెలిసే ఉంటుంది, అడిగే తీరులో అడగాలేమో. ఆ తీరు తను ఎక్కడో విన్నట్టే ఉంది, ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

ఆదివారం పన్నెండు గంటలకు కంపెనీ బండి వస్తుందని చెప్పారు. ఆరాధన పదకొండున్నరకు అయిపోతుంది. ఇదే ఆఖరి ఆదివారం అన్నట్టు ఎస్తేరు తెల్లచీర కట్టుకుని వెళ్ళింది. అక్కడా ఎడ్వర్డ్ ఎడ్వర్డే. కీబోర్డు ముందు కూర్చుని పాటల నోట్‌బుక్ అటూ ఇటూ తిప్పి, "పాట లేదు" అని కళ్ళతోనే తీర్పు చెప్పి, నోట్‌బుక్ ఆడవాళ్ళ వైపు అందించాడు, వెతికి ఇమ్మని. పొడుగాటి నోట్‌బుక్, అట్టకు బట్ట అంటించి ఉంది. ఎస్తేరు తొందరలో తిరగేసి పట్టుకుని తెరిచింది.

పాటలు లేవు. నీలి సిరాలో తన చేతిరాత ఉంది.

పెళ్ళికి ముందు సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివింది. ఆ నోట్సే ఇది. కాపురానికి వచ్చినప్పుడు బట్టల అడుగున పెట్టి తెచ్చుకుంది. సగానికి పైగా ఖాళీ కాగితాలు ఉన్నాయని ఎడ్వర్డ్ వెనక వైపు నుంచి పాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళుగా అది ఎడ్వర్డ్ నోట్‌బుక్. వారం వారం ఆమె చేతుల్లోంచే వెళ్ళేది, ముందు వైపు ఒకటి ఉందన్న సంగతి ఆమె కూడా మర్చిపోయింది. ఇంతలో పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎస్తేరు మూసుకోలేదు. పుట వెనక పుట తిప్పింది. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, వాటి పక్కన తెలుగులో తను రాసుకున్న గుర్తులు. పదహారో పుటలో చుక్క పెట్టి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. "పేరు ఎట్లా కొట్టినా దొరకాలంటే రెండు వైపులా అప్పర్ (అంటే పెద్దక్షరాలు) అని పెట్టాలి. పట్టికలో ఉన్న పేరుకూ, మనం అడిగే పేరుకూ. అప్పుడు లోపలున్నది మారదు, పోల్చేటప్పుడు మాత్రం రెండూ ఒకే వేషంలో ఉంటాయి."

లోపలున్నది మారదు. ఆ మాట ఆమె మూడుసార్లు చదువుకుంది. దిద్దుబాటు అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు, సంతకాలు అక్కర్లేదు. తన రికార్డులు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, వెతికేవాడు వెతికే తీరు మారాలి, అంతే. ఇది తనకు తెలుసు. ఇరవై రెండేళ్ళకే తెలుసు. ఆమెన్ అని అందరూ అన్నారు, ఎస్తేరు కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా అంది. ఆ పూట పాట ఆమె ఎత్తుకున్న ఎత్తుకు కీబోర్డు వెనకబడిపోయిందని తర్వాత ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఆరాధన అయ్యాక ఎడ్వర్డ్ నోట్‌బుక్ కోసం చేయి చాపితే, "ఇది నాది, పొద్దుగూకినంక మాట్లాడుదం" అని సంచిలో పెట్టుకుని బండెక్కింది.

ల్యాబులో ధర్మేందర్ సార్ ఒక్కడే ఉన్నాడు. తాళం తీయడానికి ఆదివారం రావలసి వచ్చినందుకు మొహం ముడుచుకుని ఉన్నాడు. గేటు దగ్గర కుర్మయ్య గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. ఇవాళ సెలవంటే, "గొర్లకు సెలవుంటదా" అన్నాడట వాచ్‌మన్‌తో. ఎస్తేరు అతన్ని లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. తర్వాత సార్ దగ్గరికి వెళ్ళి, వెతికే తెర వెనక ఉన్న ప్రశ్నను కొంచెం మార్చాలంది. ఆయన తలెత్తలేదు. డేటాబేస్ లోపలి సంగతులు మీకెందుకు మేడం అన్నాడు. ఎస్తేరు ఒక చీటీ తిరగేసి, ఎడమ వైపు నాలుగు పెద్దక్షరాలు, కుడి వైపు అవే నాలుగు చిన్నక్షరాలు రాసి ఆయన ముందు పెట్టింది.

"మా బిడ్డ యూకేజీ సార్. గీత గీసి జత కలుపుతది. మన కంప్యూటర్‌కు గూడ వచ్చు, మనం అడుగుతలేం గంతే."

ఆయన చీటీ చూశాడు, ఆమెను చూశాడు, గడియారం చూశాడు. ఆదివారాలు తనకూ ఇరవై మూడు పోతాయన్న సంగతి అప్పుడు తట్టి ఉంటుంది. సరే చెప్పండన్నాడు. మొదట ఆమె రికార్డులు ఎన్నో లెక్క అడిగి చూద్దామని, ఆమె నిలబడి చెప్తూ ఉంటే ఆయన ఒక్క వేలితో కొట్టాడు. ఒక బ్రాకెట్ మరిచాడు, తప్పు వచ్చింది. ఇంకోసారి ఒకవైపే అప్పర్ పెట్టాడు, మళ్ళీ సున్నా. చూశారా అన్నట్టు వెనక్కి వాలాడు. ఎస్తేరు రెండు నిమిషాలు ఓపిక పట్టింది. ఎనిమిదేళ్ళుగా పట్టిన ఓపిక కదా, ఇంకో రెండు నిమిషాలు పెద్ద లెక్క కాదు. కానీ ఆ రెండో నిమిషం చివర ఓపిక అయిపోయింది.

"జర జరుగుండ్రి సార్" అంది.

ఆయన లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. ఎస్తేరు ఆ చక్రాల కుర్చీలో కూర్చుని, నోట్‌బుక్ పక్కన తెరిచి పెట్టుకుని, పది వేళ్ళతో కొట్టింది. పట్టికలో పేరుకు అప్పర్, అడిగే పేరుకు అప్పర్. మీట నొక్కింది. తెర మీద చిన్న ఇసుక గడియారం తిరగసాగింది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. పాత రోజుల్లో టక్కున వచ్చేది ఇప్పుడెందుకింత సేపు అని సార్ గొణిగాడు. ఒక్కో పేరునూ పట్టుకుని మార్చి చూస్తోంది కదా, ఆలస్యం కాదా మరి అని ఎస్తేరు అనుకుంది. దానికీ ఏదో ఉపాయం ఉండే ఉంటుంది. ఈ నోట్‌బుక్‌లో లేదు, తెలుసుకోవాలి. అంత ఆందోళనలోనూ ఆ ఆలోచన ఆమెకు మంచి ఆకలిలా అనిపించింది.

తొమ్మిది వేల నలభై ఒకటి.

అంకె తెర మధ్యలో నిలబడింది. ధర్మేందర్ సార్ ముందుకు వంగి ఒక్కో అంకెనూ వేలితో తాకుతూ చదివాడు. ఎస్తేరు కళ్ళు మసకబారాయి, తుడుచుకుంది, మళ్ళీ చూసింది. ఇంకా ఉంది. వెతికే తెర వెనక ఉన్న ప్రశ్నలోనూ అదే మార్పు చేసి, ఈసారి కావాలనే ఒక అక్షరం పెద్దది, ఒక అక్షరం చిన్నది, పిల్లల ఆటలా కుర్మయ్య పేరు కొట్టింది. ముగ్గురు కుర్మయ్యలు వచ్చారు, ముగ్గురూ ఆమె చిన్నక్షరాల్లో కొట్టినవాళ్ళే. రెండో ఆయనది బౌరంపేట్. గొర్రె పిల్ల, నాలుగు నెలలు, చిటుక రోగం.

"తాతా, దొరికినవు" అంది ఎస్తేరు. "చిటుక రోగమట. టీకా ఉన్నది దానికి, మిగిలినయి బతుకుతయి."

కుర్మయ్య బెంచీ మీంచి లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. తన పేరు ఏదని అడిగితే ఎస్తేరు చూపించింది. అతనికి ఇంగ్లీషు రాదు, అయినా ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. ఫలితం కాగితం గొంగడి మడతలో దాచుకుని, ఆమె తల మీద చేయి పెట్టి వెళ్ళాడు. సార్ కుర్చీలోనే కూర్చుని ఆ దీవెన తీసుకుంది ఎస్తేరు, లేవాలని తోచలేదు.

కొత్త డేటాబేస్‌లో ఏది మార్చినా ఒక ఫారం నింపాలి. ధర్మేందర్ సార్ నింపాడు. మార్పు ఏమిటి, ఎందుకు, ఎప్పుడు. "మార్పు చేసినవారు" అన్న చోట అలవాటుగా తన పేరు మొదటి అక్షరం పెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు, చేయి అలా వెళ్ళిపోయింది. వంట బాగుందని చుట్టాలంటే ఎడ్వర్డ్ మొహం అలాగే వెలిగిపోతుంది. ఇలాంటప్పుడు ఎస్తేరు ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఈసారి కూడా నవ్వింది, ఊరుకోలేదు.

"ఆడ నా పేరు సార్" అంది. "చిన్నగ రాసినా మంచిదే, పెద్దగ రాసినా మంచిదే. ఎట్ల రాసినా దొరుకుత."

సార్ ఆ అక్షరం కొట్టేసి, పక్కన ఎస్తేరు పేరు రాశాడు. తర్వాత స్టోరు తెరిచి, అట్టపెట్టె విప్పని కొత్త కీబోర్డు ఒకటి తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు. అది అక్కడ ఎన్నాళ్ళుగా ఉందని ఆమె అడగలేదు, పెట్టె మీద దుమ్మే చెప్పింది. రెండున్నరకల్లా ఆమె మేడ్చల్‌లో దిగి, ఇంటికి కాకుండా నేరుగా చర్చికి వెళ్ళింది. ప్రాక్టీసు అప్పుడే మొదలవుతోంది. రోజీ టీచర్ గొంతు సవరించుకుంటోంది. "నేనొచ్చిన" అని చెప్పి ఎస్తేరు తన చోట నిలబడింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె రెండు సంగతులు చెప్పింది. శనివారాలు ల్యాబు ఒంటిపూటే, ఆ మధ్యాహ్నాలు సుచిత్ర దగ్గర డేటాబేస్ కోర్సుకు వెళ్తుంది, ఆ ఇసుక గడియారం ఎందుకు అంతసేపు తిరిగిందో ఆమెకు తెలుసుకోవాలని ఉంది. ఆ పూట వంట, రోజీ, రెండూ ఎడ్వర్డ్‌వి. నోట్‌బుక్ ఆమె వెనక్కి తీసుకుంటోంది, పాటలకు కొత్తది కొని తెచ్చింది, పాటలన్నీ ఎడ్వర్డే ఎక్కించుకోవాలి. అత్తమ్మ ముద్ద ఆపి కొడుకు వైపు చూసింది. ఎడ్వర్డ్ ఆ మందపాటి కొత్త నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, "అన్ని పాటలా?" అన్నాడు. "కూసోని జేసే పనే గద" అంది ఎస్తేరు. అత్తమ్మ మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత పళ్ళెంలోకి తలవంచుకుని నవ్వు దాచుకుంది. ఆమె నవ్వడం ఎస్తేరు చూసింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఎస్తేరు వంటింట్లో పీట మీద కూర్చుని, ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో నోట్‌బుక్ పట్టుకుని పదిహేడో పుట చదువుతోంది. లోపలి గదిలో బీరువా తలుపులు బార్లా తెరుచుకున్న చప్పుడైంది.

"ఎస్తేరూ, నా నీలమంగి లేదు."

"ఉన్నది" అంది ఎస్తేరు. "ఇంకో తీరుగ ఎతుకుండ్రి."

బీరువాలో బట్టలు అటూ ఇటూ కదిలిన అలికిడి, ఏదో కింద పడిన శబ్దం, రోజీ కిలకిల. పెనం మీద దోసె ఎర్రబడుతోంది. ఎస్తేరు కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. వాటిని అక్కడే ఉండమని చెప్పి, ఇంకో గుక్క చాయ్ తాగి, పుట తిప్పింది. లోపల్నుంచి ఎడ్వర్డ్ గొంతు వినిపించింది, ఎంతో ఆశ్చర్యంగా, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఈడనే ఉన్నది గద."